[స్పాయిలర్] కలలాంటి సినిమాలు: డైరెక్టర్‌కి తెలిసి దాస్తున్నాడా, తెలియక దాటేస్తున్నాడా?

రాత్రిషో (#1)

స్పాయిలర్లు ఉంటాయి, ముందే చెప్తున్నా.

నిన్న డేవిడ్ లించ్ తీసిన 'మల్‌హాలండ్ డ్రైవ్' మూడోసారి చూశాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఒక వివరణ వీడియో చూసి మరీ కూర్చున్నా, చిక్కంతా విడిపోయినట్టే అనిపించింది, దాంతో ఇంకా కోపం వచ్చింది (మొదటి రెండు గంటలు కల, మిగిలింది నిజం, ఇంతేనా?). ఈసారి ఏ వివరణా బుర్రలో పెట్టుకోకుండా చూస్తే విచిత్రం ఏంటంటే, పూర్తిగా అర్థం కాలేదు కానీ ఎక్కడా దారి తప్పినట్టు కూడా అనిపించలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని చీకట్లో నడిపిస్తున్నట్టుంది.

పోయిన వారమే ఇంకో సినిమా చూశా, చిన్న సినిమా, పేరు వద్దులే. అందులోనూ అద్దాలు, పొడుగాటి కారిడార్లు, ఒకే మనిషి రెండు చోట్ల ఉండటం, ఎక్కడో పసిబిడ్డ ఏడుపు, అన్నీ ఉన్నాయి. గంట గడిచాక నాకు ఏం జరిగినా పట్టలేదు. ఏదైనా జరగొచ్చు అన్నచోట ఏం జరిగితే మాత్రం ఏంటి?

రెండూ అర్థం కాని సినిమాలే. మరి ఒకటి ఎందుకు పట్టుకుంది, ఇంకోటి ఎందుకు జారిపోయింది? 'మూడ్', 'క్రాఫ్ట్' లాంటి మాటలు కాకుండా ఎవరైనా వివరంగా చెప్తే వింటాను.

సగంచూసినోడు (#2)

అన్నా, నిజం చెప్పనా? పేరున్న డైరెక్టర్ తీశాడు కాబట్టి ఓపిక పట్టావు, పేరు లేనివాడు తీశాడు కాబట్టి పట్టలేదు. అంతే తేడా.

మల్‌హాలండ్ డ్రైవ్ అసలు సినిమాగా మొదలే కాలేదు. 1999లో టీవీ సీరియల్‌కి పైలట్‌గా (నమూనా ఎపిసోడ్‌గా) తీశాడు లించ్, ఛానెల్‌వాళ్లు చూసి వద్దన్నారు. తర్వాత ఫ్రెంచ్ కంపెనీ డబ్బు పెడితే ఇంకొంత తీసి అతికించి 2001లో వదిలాడు. ఆ ఏడాది కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో బెస్ట్ డైరెక్టర్ కూడా ఇచ్చారు (జోయెల్ కోయెన్‌తో కలిపి). సీరియల్ కోసం తెరిచిపెట్టిన ముళ్లన్నీ విప్పే వీల్లేక 'అదంతా కల' అని మూతేశాడు. ఆ అతుకుని జనం లోతు అనుకుంటున్నారు. ఇందులో పొందిక ఎక్కడుంది?

కత్తెరబల్ల (#3)

#2 లో చెప్పిన చరిత్ర కరెక్టే, దాన్నుంచి తేల్చిందే తప్పు. నేను ఎడిటింగ్ చేస్తాను (పెద్ద సినిమాలు కాదు, కార్పొరేట్ వీడియోలు, షార్ట్ ఫిల్ములు), కాబట్టి అతుకు గురించి కొంచెం తెలుసు. అతికించిన ముక్క కింద ముక్కకి కొత్త పని ఇస్తే అది అతుకు అనిపించుకోదు.

ఒక్క డైలాగ్ చూడండి. మొదటి భాగంలో మాఫియావాళ్లు దర్శకుడి ముందు ఒక హీరోయిన్ ఫోటో పెట్టి 'ఈ అమ్మాయే' అంటారు. ఇంకో మాట ఉండదు, బెదిరింపు అంతా ఆ రెండు ముక్కల్లోనే. చూసేటప్పుడు అది ఇండస్ట్రీ మీద వెటకారం అనుకుంటాం. చివరికొచ్చేసరికి కథానాయిక డయాన్ హోటల్లో కిరాయి హంతకుడి ముందు కూర్చుని, తను ప్రేమించిన మనిషి ఫోటో బల్ల మీదకి తోసి, అదే మాట అంటుంది: 'ఈ అమ్మాయే'. అప్పుడు మొదటి భాగంలో ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో కాదు, ఎవరి నోట్లోంచి తప్పించుకుందో తెలుస్తుంది. తను అన్న మాటని మోయలేక కలలో వేరేవాళ్లకి అంటగట్టింది.

పైలట్ తీసేనాటికి లించ్‌కి ఇది తెలుసా? తెలిసి ఉండకపోవచ్చు, ఒప్పుకుంటా. కానీ పొందిక అనేది ముందే స్క్రిప్టులో ఉండి తీరాలని ఏముంది? చాలాసార్లు అది ఎడిటింగ్ బల్ల మీదే పుడుతుంది. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ 'మిర్రర్' (1975) కి ఇరవైకి పైగా కూర్పులు ప్రయత్నించాక గానీ సినిమా నిలబడలేదని స్వయంగా రాసుకున్నాడు. అన్నిసార్లూ ముక్కలు అవే. వరస మారింది.

సగంచూసినోడు (#4)

ఒక్క డైలాగ్ రెండుసార్లు వస్తే సినిమా మొత్తం పొందికగా ఉన్నట్టా 🙂

రాత్రిషో (#5)

ఒక్కటే కాదు బ్రో. హోటల్లో వెయిట్రెస్ బ్యాడ్జి చూశావా? మొదటి భాగంలో 'డయాన్', రెండో భాగంలో 'బెట్టీ' (కలలో డయాన్ పేరు అదే). అదే హోటల్లో మొదట్లో ఒకతను తన పీడకల చెప్తాడు, 'కలలో నువ్వు అదిగో ఆ కౌంటర్ దగ్గర నిలబడి ఉంటావు' అని. కాసేపటికి ఆ స్నేహితుడు బిల్లు కట్టడానికి లేచి సరిగ్గా అక్కడే నిలబడతాడు, ఇతని మొహం మాడిపోతుంది. చివర్లో డయాన్ హంతకుడితో మాట్లాడుతూ తలెత్తి చూస్తే అదే కౌంటర్ దగ్గర నిలబడి ఆమె వైపు చూస్తున్నది ఎవరు? ఆ కల చెప్పినతనే.

ఇన్నిసార్లు యాదృచ్ఛికం అంటే నేను నమ్మను.

తాటాకు (#6)

ఇక్కడ రెండు వేరు వేరు వస్తువుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నాం, అందుకే తెగట్లేదు అనిపిస్తోంది. మన అలంకారశాస్త్రంలో దీనికి ఎప్పుడో లెక్క తేల్చారు. సందిగ్ధం దోషాల జాబితాలో ఉంటుంది. శ్లేష అలంకారాల జాబితాలో ఉంటుంది. రెండింటిలోనూ ఒక మాటకి ఒకటి కంటే ఎక్కువ అర్థాలు తోస్తాయి, కానీ ఒకటి తప్పు, ఇంకోటి నగ.

సందిగ్ధంలో ఏ అర్థమో తేలదు, ఎందుకంటే కవి ఏ అర్థానికీ సరిపడా ఆధారం ఇవ్వలేదు. శ్లేషలో రెండు అర్థాలకీ పూర్తి ఆధారం ఉంటుంది. పింగళి సూరన రాఘవపాండవీయం ఎవరైనా కొన్ని పద్యాలైనా చదివారా? అవే పద్యాలు, ఒక రకంగా విడగొడితే రామాయణం, ఇంకో రకంగా విడగొడితే భారతం. రెండర్థాల పద్యం ఒక్కటి రాయడమే గగనం, కావ్యమంతా అలా నడపడం అయ్యే పనేనా అన్న మాట అవతారికలోనే (కావ్యం ముందుమాటలోనే) వస్తుంది. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా రెండు కథల్లో ఒకటి కూలిపోతుంది. అందుకే ద్వ్యర్థి కావ్యం మామూలు కావ్యం కంటే చాలా కచ్చితంగా ఉండాలి, వదులుగా ఉండటానికి వీల్లేదు.

#1 లో మీరు చూసిన పేరు చెప్పని సినిమా సందిగ్ధం. మల్‌హాలండ్ శ్లేష. నా ఉద్దేశం ఇదీ.

సగంచూసినోడు (#7)

తాటాకు గారూ, పోలిక బాగుంది గానీ ఒక చిక్కుంది. సూరన చదివేవాడికి రామాయణం, భారతం రెండూ ముందే తెలుసు. తెలుసు కాబట్టే విడగొట్టగలిగాడు. సినిమా చూసేవాడికి ఏ కథా తెలీదు కదా. తెలియని రెండు కథల్ని ఒకదాని మీద ఒకటి పరిచి 'విడగొట్టుకో' అంటే ఎలా?

తాటాకు (#8)

గట్టి దెబ్బే కొట్టారు. నిజమే, ఆ తేడా నేను చూసుకోలేదు. సూరనకి ఉన్న సౌకర్యం సినిమా దర్శకుడికి లేదు. అయితే సినిమానే ముందు నేర్పాలి, తర్వాత పరీక్ష పెట్టాలి.

స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ 'పెర్సోనా' (1966) లో అలా నేర్పే చోటు ఒకటుంది. మాట్లాడటం మానేసిన నటి ఎలిజబెత్, ఆమెని చూసుకునే నర్స్ ఆల్మా. చివర్లో ఆల్మా, ఎలిజబెత్ తన కొడుకుని ఎందుకు ప్రేమించలేకపోయిందో ఆమె మొహం మీదే చెప్తుంది. అప్పుడు కెమెరా వింటున్న ఎలిజబెత్ మీదే ఉంటుంది. అయిపోయాక అదే ప్రసంగం, అవే మాటలు, మళ్లీ మొదటి నుంచి వస్తాయి. ఈసారి కెమెరా చెప్తున్న ఆల్మా మీద ఉంటుంది. మొదటిసారి అది నేరారోపణలా వినిపిస్తుంది. రెండోసారి ఆమె తన కథే చెప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది. మాట మారలేదు, మొహం మారింది. ఆ తర్వాతే రెండు సగం మొహాలు కలిపి ఒక్కటి చేస్తాడు. ముందు నేర్పకుండా ఆ కలిసిన మొహం చూపిస్తే ట్రిక్కులా ఉండేది.

మోడ్ (#9)

టైటిల్‌లో [స్పాయిలర్] చేర్చాను. పాత సినిమాలైనా చూడనివాళ్లు ఉంటారు.

పాతరీలు (#10)

అందరూ పొందిక పొందిక అంటున్నారు, స్పెయిన్ దర్శకుడు బున్యుయెల్ వింటే నవ్వుతాడు. 1929లో చిత్రకారుడు సాల్వడార్ డాలీతో కలిసి 'అన్ షియాన్ ఆందలూ' రాసేటప్పుడు వాళ్లు పెట్టుకున్న నియమమే, హేతుబద్ధంగా వివరించడానికి వీలయ్యే ఏ ఆలోచననీ, ఏ దృశ్యాన్నీ ఒప్పుకోకూడదని. మధ్యలో 'ఎనిమిదేళ్ల తర్వాత' అని కార్డు పడుతుంది, ఎవరూ ఒక్క రోజు కూడా ముసలివాళ్లు కారు. ఇంకోచోట 'పదహారేళ్ల క్రితం' అని పడుతుంది, సీన్ అదే గదిలో అలాగే సాగుతుంది. ఇందులో శ్లేషా లేదు, కథా లేదు. అయినా అది దాదాపు వందేళ్లుగా బతికే ఉంది. మీ లెక్క దీనికి ఎలా సరిపోతుంది?

కత్తెరబల్ల (#11)

పాతరీలు గారూ, నాకు మాత్రం అది మీ వైపు సాక్ష్యంలా కనపడదు. 'వివరణకి దొరికేది ఏదీ వద్దు' అనేది చాలా కఠినమైన నియమం, ప్రయత్నించి చూడండి, పది దృశ్యాలు రాస్తే తొమ్మిది ఏదో ఒక అర్థానికి దొరికిపోతాయి. పైగా ఎడిటింగ్ మామూలు సినిమాలాగే శుభ్రంగా ఉంటుంది. ఆ అమ్మాయి గది తలుపు తీసుకుని బయటికి అడుగుపెడితే నేరుగా సముద్రతీరం. ఆమె వెళ్లే దిక్కు తప్పదు, కదలిక తెగదు. కన్ను నమ్మేస్తుంది, బుర్ర మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అరచేతిలో చీమలు, అక్కడి నుంచి చంకలో వెంట్రుకలు, అక్కడి నుంచి సముద్రపు ముళ్ల జీవి, ఒకదాంట్లోంచి ఒకటి కరుగుతూ వస్తాయి, ఆకారాలు సరిపోతూ. అర్థం లేదు సరే, ఆకారంలో పొందిక ఉంది.

కట్ కూడా గజిబిజిగా, అర్థం కూడా గజిబిజిగా ఉంటే ఇక పట్టుకోవడానికి ఏముంటుంది.

పగటికల (#12)

నిద్రలో మనకి జరిగేదీ ఇదే కదా. కలలో ఇంటి తలుపు తీస్తే పరీక్ష హాలు వస్తుంది, ఎవరం ఆశ్చర్యపోం. లేచి చెప్పేటప్పుడే 'అదేంటో తెలీదు, సడన్‌గా...' అని మొదలుపెడతాం. ఫ్రాయిడ్ కలల పుస్తకంలో (1899లో వచ్చింది, అట్ట మీద 1900 అని వేశారు) దీనికి పేర్లు పెట్టాడు. ఇద్దరు మనుషులు ఒక్క మొహంలోకి కుదించుకుపోవడం, అసలు బాధ ఒకచోట ఉంటే అది సంబంధం లేని వస్తువు మీదకి జరగడం, వగైరా. పైన కత్తెరబల్ల గారు 'ఈ అమ్మాయే' గురించి చెప్పింది సరిగ్గా ఈ రెండోదే. ఇంకోటి కూడా చెప్పాడు, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: మెలకువ వచ్చేటప్పుడు బుద్ధి ఆ ముక్కల్ని సర్ది కథలా చేస్తుంది, ఖాళీలు తనే పూడుస్తుంది.

వివరణ వీడియోలు చేసేది ఆ మూడో పని. అందుకే అవి చూశాక 'హమ్మయ్య' అనిపిస్తుంది, సినిమా మాత్రం చచ్చిపోతుంది.

గోడవారన (#13)

చాలా రోజులుగా చదువుతున్నా, ఇదే మొదటి పోస్టు.

మా ఇంట్లో ఒకరికి కొన్నేళ్ల క్రితం తీవ్రమైన భ్రమలు వచ్చాయి. ఇప్పుడు బాగున్నారు. అప్పటి నుంచి 'మనసు చెదిరిన మనిషి' సినిమాలు చూస్తే నాకు ఒక విషయం గుచ్చుకుంటుంది. చాలామంది దర్శకులు భ్రమ అంటే గందరగోళం అనుకుంటారు: కెమెరా ఊగుతుంది, శబ్దాలు కలిసిపోతాయి, ఏదీ దేనికీ అతకదు. నేను దగ్గరుండి చూసింది దానికి పూర్తిగా రివర్స్. అన్నీ అతుకుతాయి. మరీ ఎక్కువగా అతుకుతాయి. ఎదురింటివాళ్లు బట్టలు ఆరేసిన వరసకి అర్థం ఉంటుంది, టీవీలో వార్తలు చదివే ఆమె చీర రంగుకి అర్థం ఉంటుంది, నేను టీ కప్పు ఎడమ చేత్తో ఇచ్చానంటే దానికీ అర్థం ఉంటుంది. ఊరికే జరిగినది అనేది ఒక్కటీ ఉండదు ఆ లోకంలో. భయం వేసేది అక్కడే. నేను 'ఊరికే ఇచ్చాను' అంటే ఆ మాటకి కూడా ఒక అర్థం వచ్చేది.

సతోషి కోన్ తీసిన జపనీస్ యానిమేషన్ సినిమా 'పర్ఫెక్ట్ బ్లూ' (1997) లో నాకు అది కొంచెం కనిపించింది. హీరోయిన్ మీమా నటిస్తున్న సీరియల్లో ఆమెకి మొదట ఇచ్చేది ఒకే ఒక్క డైలాగ్, 'నువ్వెవరు?' అని. దాన్ని పదే పదే ప్రాక్టీస్ చేస్తుంది. పోను పోను ఆ డైలాగ్ ఆమెనే అడుగుతున్నట్టు తయారవుతుంది. అదే మంచం మీద మళ్లీ మళ్లీ నిద్రలేస్తుంది, ప్రతిసారీ ముందు జరిగింది షూటింగా, కలా, నిజమా అని మనకి నేల కదులుతుంది. కానీ ఏ సీన్ కూడా గందరగోళంగా తీయలేదు, అన్నీ స్పష్టంగా ఉంటాయి.

ఎక్కువ రాసేసినట్టున్నాను, క్షమించండి.

రాత్రిషో (#14)

గోడవారన గారూ, క్షమించడానికేం లేదు. ఈ థ్రెడ్‌లో నాకు ఉపయోగపడిన పోస్టు ఇదే. 'ఊరికే జరిగినది ఒక్కటీ ఉండదు' అనేది మంచి సర్రియల్ (కలలాంటి) సినిమాకి కూడా సరిపోతోంది, భయంగా ఉంది ఆలోచిస్తే. మూడోసారి చూసినప్పుడు నాకు కలిగింది అదే, ప్రతి దీపానికీ, ప్రతి కప్పుకీ అర్థం ఉందేమో అని.

సగంచూసినోడు (#15)

సరే, నేనూ కొంచెం దిగొస్తా. 'చివరికి అంతా వాడి భ్రమ' అని తేల్చే సినిమాలంటేనే నాకు మంట, అది చెప్పడానికే మొదట వచ్చాను. రెండు గంటలు కూర్చోబెట్టి లెక్క కొట్టేయడం. ఇది కొత్తది కూడా కాదు, 1920లో జర్మన్ సినిమా 'కాలిగరి' నుంచీ ఉంది.

పాతరీలు (#16)

కాలిగరిని ఆ గాటన కట్టకండి. కథ చెప్పినవాడు పిచ్చాసుపత్రిలో ఉన్నాడని తేల్చే ఆ చుట్టుకథ తమ ఉద్దేశాన్ని తలకిందులు చేసిందని రచయితల్లో ఒకడైన హాన్స్ యానోవిట్స్ తర్వాత వాపోయాడు, అది నిజం. కానీ ఒకటి గమనించండి. లోపలి కథలో గోడలు, కిటికీలు వంకర, నీడలు కూడా పెయింటుతో వేసినవి. అది పిచ్చివాడి చూపు అయితే, చుట్టుకథలోకి వచ్చాక ఆసుపత్రి మామూలుగా, నిటారుగా కనపడాలి కదా? అదీ అదే వంకర సెట్టు. 'భ్రమ అయిపోయింది' అని మాటల్లో చెప్పారు, గోడలు మాత్రం ఒప్పుకోలేదు.

పెయింటు నీడలంటే గుర్తొచ్చింది, 'లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాద్' (1961) తోటలో మనుషులకి పొడుగాటి నీడలుంటాయి, చెట్లకి ఉండవు. చూస్తుండగా తెలియదు, ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది.

కత్తెరబల్ల (#17)

నీడల మాట వచ్చింది కాబట్టి నా పరువు నేనే తీసుకుంటా.

రెండేళ్ల క్రితం పద్నాలుగు నిమిషాల షార్ట్ ఫిల్మ్ చేశాను. ఒకావిడ తన ఫ్లాట్‌కి వస్తుంది, లోపల తనలాంటి ఇంకొకావిడ వంట చేస్తుంటుంది. ఇద్దరూ మామూలుగా మాట్లాడుకుంటారు. ఎవరు నిజం అన్నది తేల్చలేదు, 'ప్రేక్షకుడికి వదిలేశాను' అని అందరికీ గొప్పగా చెప్పుకున్నా. పదకొండు మందికి చూపిస్తే పదకొండు కథలు చెప్పారు. ఎగిరి గంతేశాను.

వాళ్లలో ఒకమ్మాయి మాత్రం గోడ గడియారం పట్టుకుంది. ఒక షాట్‌లో నాలుగూ పది, ఎదురు షాట్‌లో ఏడూ నలభై. 'ఒకావిడ సాయంత్రంలో ఉంది, ఇంకొకావిడ రాత్రిలో ఉంది, ఇద్దరూ ఒకే మనిషి, మధ్యలో మూడున్నర గంటల్లో ఏదో జరిగింది, అది మాకు చూపించలేదు' అని అద్భుతంగా చెప్పింది. నా నోట మాట రాలేదు. ఎందుకంటే అది కంటిన్యుటీ తప్పు. ఒక యాంగిల్ తీశాక లైటు పాడైంది, రెండో యాంగిల్ తీసేసరికి ఆ టైమ్ అయ్యింది, గడియారం ఆపాలని ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ రాత్రి కూర్చుని మిగతా పది కథలూ రాసుకున్నాను. ఏ ఒక్కటీ నా సినిమాలోని ఫలానా షాట్‌ని చూపించి చెప్పింది కాదు. అందరూ తమ కథలే చెప్పారు. సినిమాని చూసి చెప్పింది ఆ ఒక్కమ్మాయే, అదీ నా తప్పుని చూసి. నేను ప్రేక్షకుడికి ఏమీ వదిలెయ్యలేదు. నేనే తేల్చుకోలేదు.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఒకసారి వస్తే పొరపాటు, మూడుసార్లు వస్తే నియమం. మారియన్‌బాద్‌లో మాట్లాడుతుండగానే ఆమె బట్టలు మారిపోతాయి, ఎవరూ కంటిన్యుటీ తప్పు అనరు, ఎందుకంటే మిగతా ఫ్రేమంతా అంత కొలిచినట్టు ఉంటుంది. నా సినిమాలో అంత నమ్మకం నేను సంపాదించలేదు.

తాటాకు (#18)

ఇందాక #6 లో మరీ నల్లబల్ల మీద రాసినట్టు రాశాను, మీ పోస్టు చదివాక ఇంకో మాట చేర్చాలి. 'కావ్యప్రకాశం'లో సందిగ్ధం దోషమని చెప్పిన మమ్మటుడే, సందర్భం పట్టి అదే గుణం అవుతుందనీ ఒప్పుకున్నాడు. వ్యాజస్తుతి (పైకి తిట్టులా వినిపించే పొగడ్త) దానికి ఉదాహరణ, పొగుడుతున్నాడా తిడుతున్నాడా అని మొదట తేలకపోవడమే అక్కడ అందం. కాబట్టి తేలకపోవడాన్ని నేను మొత్తంగా కొట్టిపారెయ్యట్లేదు. తేలకపోవడం ఎవరి పని, మాటదా లేక కవి బద్ధకానిదా అన్నదే.

పగటికల (#19)

ఎక్కువ తేల్చేసినా చెడుతుంది మరి. 'డానీ డార్కో' 2001లో వచ్చిన రూపం చూడండి, తర్వాత 2004 డైరెక్టర్స్ కట్ చూడండి. రెండోదాంట్లో కథలోని టైమ్ ట్రావెల్ పుస్తకం పేజీలు తెర మీద వేసి మరీ నియమాలు చెప్తాడు. పొందిక పెరిగింది, భయం పోయింది. నాకైతే మొదటిదే ఇష్టం.

రాత్రిషో (#20)

లించ్ 2025 జనవరిలో పోయాడు, మల్‌హాలండ్ డ్రైవ్‌కి ఇదీ అర్థం అని ఎక్కడా చెప్పకుండానే. కానీ డీవీడీతో పాటు పది క్లూలున్న కాగితం ఇచ్చాడు: టైటిల్స్‌కి ముందే రెండు క్లూలున్నాయి చూసుకో, ఎర్ర దీపం ఎక్కడెక్కడ వస్తుందో చూడు, గౌను, యాష్‌ట్రే, కాఫీ కప్పు గమనించు, ఇలా. ఇంకా డీవీడీలో చాప్టర్లు తీసేశాడు, ముందుకి దూకే వీల్లేకుండా. పదింటిలో ఒక్కటీ జవాబు కాదు, అన్నీ 'ఇటు చూడు' అనేవే. తెలియక దాటేసేవాడు అలా అనలేడనుకుంటా. టైటిల్‌లో నా ప్రశ్నకి నావరకూ జవాబు దొరికింది.

సగంచూసినోడు (#21)

టైటిల్స్‌కి ముందు ఏముంది? డాన్సు కదా?

రాత్రిషో (#22)

డాన్సు తర్వాత. ఎవరిదో బరువైన ఊపిరి వినిపిస్తుంది, కెమెరా మంచం మీదుగా వెళ్లి తలగడలోకి దిగిపోతుంది. ఎవరి ఊపిరో చూపించడు.

సగంచూసినోడు (#23)

...అది నేను స్కిప్ చేశా.

గోడవారన (#24)

కత్తెరబల్ల గారూ, ఆ గడియారం సినిమా అలాగే వదిలేశారా? ఆ అమ్మాయి చెప్పిన కథ నాకు బాగా నచ్చింది. గడియారాన్ని తీసేయకుండా ఇంకో రెండు చోట్ల పెడితే? మీ లెక్క ప్రకారం మూడుసార్లు వస్తే నియమం అయిపోతుంది కదా.

కత్తెరబల్ల (#25)

అదే ఆలోచించాను అండీ, రీషూట్‌కి ఆ నటిని అడిగాను కూడా. ఈలోపు ఆవిడ జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది.

పాతరీలు (#26)

అలాగే షూట్ చేసేయండి. మూడో ఆవిడ అనుకుంటారు.